సూర్యుడు మనూళ్లోనే.. సైన్సు మాత్రం ఎక్కడో!

పావగడ నుంచి తిరుమణి మీదుగా క్యాతగానచెర్లు వైపు పోతే కంటికి ఆనినంత మేర సోలార్ పలకలే. వానొస్తే శెనక్కాయ, రాకపోతే వలస అన్నట్టు బతికిన నేల ఇది. ఇప్పుడు అదే నేలలో ఎండ పండుతోంది. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు.. నాగలమడక హోబళిలోని ఈ అయిదు ఊళ్ల పొలాల్లో దాదాపు 13 వేల ఎకరాల మీద ‘శక్తిస్థల’ సోలార్ పార్కు వెలసింది. 2018 మార్చి 1న ముఖ్యమంత్రి హోదాలో సిద్ధరామయ్య దాన్ని ప్రారంభించారు. 2019 చివరికల్లా 2050 మెగావాట్ల సామర్థ్యం పూర్తయింది. ప్రపంచంలోని పెద్ద సోలార్ పార్కుల జాబితా ఎవరు రాసినా పావగడ పేరు లేకుండా రాయలేరు.

ఇంత పెద్ద సైన్సు ఇంటి ముంగిట్లోకి వచ్చి కూర్చుంది. మరి ఆ ఊళ్ల బడిపిల్లల్ని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. పలక మీద ఎండ పడితే కరెంటు ఎట్లా పుడుతుంది? పుస్తకంలోని వాక్యాన్ని గడగడా అప్పజెప్పే పిల్లలు దొరుకుతారు. మబ్బు పడితే ఏమవుతుంది, ఎండ మరీ ముదిరితే ఏమవుతుంది, రాత్రి ఏమవుతుంది అని ఒక్కడుగు ముందుకేస్తే చాలామంది నేల చూపులు చూస్తారు. తప్పు పిల్లలది కాదు. చూపించకుండా చెప్పిన పాఠం నోటికొస్తుందే తప్ప బుర్రకెక్కదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

ఈ చీకటిని పోగొట్టడానికి కోట్లు అక్కర్లేదు. పైసా ఖర్చు లేకుండా సైన్సు ప్రయోగాలను తెరమీద పిల్లలే స్వయంగా చేసి చూసుకునే వెబ్‌సైట్లు ఉన్నాయి. అవి ఉన్నాయన్న సంగతే మన బళ్లకు సరిగ్గా చేరలేదు. చేరిన చోట వాటిని వాడే తీరు కుదరలేదు. ఈ రెండూ సరిచేసుకోవడం మన చేతుల్లో ఉన్న పని.

నోబెల్ డబ్బుతో మొదలైన ప్రయోగశాల

వీటిలో ముందు చెప్పుకోవాల్సింది ‘ఫెట్’. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైంది. మొదలుపెట్టిన శాస్త్రవేత్త కార్ల్ వీమన్. ఆయనకు 2001లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మన సత్యేంద్రనాథ్ బోస్ గణితం ఆధారంగా ఐన్‌స్టీన్ ఊహించిన వింత పదార్థ స్థితిని 1995లో ప్రయోగశాలలో సృష్టించి చూపించినందుకు ఇద్దరు సహ శాస్త్రవేత్తలతో కలిసి ఆయన దాన్ని అందుకున్నారు. ఆ బహుమతి సొమ్ములో కొంత ఈ పనికి పెట్టారు. అంత పెద్ద శాస్త్రవేత్తకు పిల్లల బొమ్మలతో ఏం పని అనిపించొచ్చు. ఉపన్యాసం ఎంత బాగా చెప్పినా విద్యార్థికి విషయం ఒంటబట్టడం లేదని, తన చేత్తో తిప్పి చూసుకుంటేనే పడుతుందని గ్రహించిన మాస్టారు ఆయన.

ఫెట్‌లో ‘శక్తి రూపాలు, మార్పులు’ అనే ప్రయోగం ఒకటుంది. క్యాతగానచెర్లు కోసమే తయారు చేశారా అనిపిస్తుంది. తెరమీద ఒక పక్క సూర్యుడు, మధ్యలో సోలార్ పలక, మరో పక్క బల్బు. మబ్బులను పెంచే మీట ఒకటి ఉంటుంది. దాన్ని జరిపేకొద్దీ మబ్బు ముసురుకుంటుంది, బల్బు మసకబారుతుంది. శక్తి గుర్తులు చూపించే గడిలో టిక్కు పెడితే కాంతి శక్తి పలక దాకా వచ్చి, అక్కడ విద్యుత్తుగా మారి, బల్బులో మళ్లీ వెలుగుగా, వేడిగా విడిపోవడం కళ్లకు కడుతుంది. సూర్యుణ్ని తీసేసి సైకిలు తొక్కే మనిషిని పెట్టొచ్చు. కాసేపటికి ఆ మనిషికి ఆకలేస్తుంది, తిండి పెడితేగానీ తొక్కడు. శక్తి ఊరికే పుట్టదు, ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మారుతుందన్న సూత్రాన్ని ఇంతకన్నా సులువుగా ఎవరు చెప్పగలరు?

విద్యుత్ వలయాల ప్రయోగం కూడా అట్లాంటిదే. బ్యాటరీ, తీగ, బల్బు, స్విచ్చి.. పిల్లవాడే కలుపుకోవాలి. తప్పుగా కలిపితే తెరమీద బ్యాటరీకి మంట అంటుకుంటుంది. చెయ్యి కాలదు, ఫ్యూజు పోదు, మేష్ట్రు తిట్టడు. తప్పు చేసి నేర్చుకునే అవకాశం మన బళ్లలో పిల్లలకు ఎక్కడుంది? బీకరు పగిలితే ఎవరు కట్టాలన్న భయంతోనే చాలాచోట్ల ప్రయోగశాల బీరువాకు తాళం తియ్యరు.

ఫెట్ ఒక్కటే కాదు. అమృత విశ్వవిద్యాపీఠం, ముంబైలోని సీడాక్ కలిసి కేంద్ర ప్రభుత్వ సాయంతో ‘ఓల్యాబ్స్’ తయారు చేశాయి. 9 నుంచి 12వ తరగతి దాకా భౌతిక, రసాయన, జీవశాస్త్ర ప్రయోగాలు అందులో ఉన్నాయి. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం రోజు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన ‘దీక్ష’ ఉంది. పాఠ్యపుస్తకంలో అచ్చేసిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూపిస్తే పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకునేది అందులోనే. చెత్తలో పడేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పే అరవింద్ గుప్తా వెబ్‌సైటు ఉంది. ఆ పనికే 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వీటిలో దేనికీ ఫీజు లేదు.

మన నీళ్ల కథ తెరమీద

సోలార్ సంగతి పక్కన పెడదాం. పావగడ పిల్లలకు సైన్సు ఎందుకు కావాలో చెప్పడానికి నీళ్ల బిందె చాలు.

ఈ తాలూకా బోరునీళ్లలో ఫ్లోరైడు ఉందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగని మోకాళ్లు చెబుతాయి. తాగేనీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదు. ఇది చదువుకున్నోళ్లకు తెలుసు. కానీ ఊళ్లలో ఇప్పటికీ వినపడే మాట ఒకటుంది.. నీళ్లు బాగా కాచి తాగితే ఏ దోషమైనా పోతుందని. కాస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడు మాత్రం పోదు. ఆవిరయ్యేది నీళ్లు. ఫ్లోరైడు అడుగునే ఉండిపోతుంది. అంటే కాచేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని సాంద్రత పెరుగుతుంది. మంచి చేస్తున్నామనుకుని చెడు చేసుకుంటున్నామన్న మాట.

ఈ ముక్క నల్లబల్ల మీద రాసి చెబితే పిల్లవాడు రాసుకుంటాడు, మరిచిపోతాడు. ఫెట్‌లో ‘గాఢత’ అన్న ప్రయోగం తెరిచి చూపించండి. తొట్టిలో నీళ్లుంటాయి. రంగుపొడి చల్లితే నీళ్లు రంగు మారతాయి. గాఢత కొలిచే మీటరు అంకె చూపిస్తుంది. కింద కొళాయి తిప్పి సగం నీళ్లు వదిలేస్తే? మీటరు కదలదు. నీళ్లతోపాటు పొడి కూడా పోయింది కాబట్టి. అదే సగం నీళ్లను ఆవిరి చేస్తే? అంకె పైకి ఎగబాకుతుంది, రంగు చిక్కబడుతుంది. అయిదు నిమిషాల పని. ఆ పిల్ల సాయంత్రం ఇంటికిపోయి “అమ్మా, కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదంట, చిక్కబడుతుందంట” అని చెబితే ఆ ఇంట్లో జరిగే మార్పు ఏ ఆరోగ్యశాఖ గోడరాతా తేలేదు. దాని వెంటనే నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన, మన నల్గొండ పేరు పెట్టుకున్న ‘నల్గొండ పద్ధతి’ గురించి చెప్పొచ్చు. పటిక, సున్నంతో ఫ్లోరైడును పేరబెట్టి కిందికి దించడం ఎట్లాగో చెప్పొచ్చు. సైన్సంటే పరీక్షలో మార్కులు కాదు, బిందెలో నీళ్లు అని పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

మసూర అంటే బియ్యమా?

ఇక అసలు చిక్కు. పావగడ తాలూకాలో చాలా ఇళ్లలో అమ్మ మాట తెలుగు. బడి మాట కన్నడం. పీయూసీలో సైన్సు తీసుకుంటే ఇంగ్లీషు. వెబ్‌సైటు తెరిస్తే ముందు కనపడేదీ ఇంగ్లీషే. ఒక పిల్లవాడు ఒక విషయం తెలుసుకోవడానికి మూడు గడపలు దాటాలి.

నేనూ ఆ గడపలు దాటి వచ్చినవాణ్నే. హైస్కూల్లో మేష్ట్రు ‘మసూర’ అని పాఠం మొదలుపెడితే సోనామసూరి బియ్యం గురించి అనుకున్నాను. గంట పూర్తయ్యేదాకా బియ్యానికీ వెలుతురుకూ సంబంధమేందో అంతుపట్టలేదు. కన్నడంలో మసూర అంటే కటకం, ఇంగ్లీషులో లెన్సు. లేచి అడిగితే నవ్వుతారని అడగలేదు. పెద్దయ్యాక తెలిసింది.. మసూర అంటే ఎర్రటి మసూర్ పప్పు. మధ్యలో ఉబ్బి అంచుల్లో పలచగా ఉండే ఆ పప్పు ఆకారాన్ని బట్టే కటకానికి ఆ పేరు. ఇంగ్లీషు ‘లెన్సు’ కూడా లాటిన్‌లో ఆ పప్పుకున్న పేరే. ఆ రోజు మేష్ట్రు గుప్పెడు పప్పు తెచ్చి చూపించి ఉంటే, లేదా తెరమీద కటకాన్ని అటూ ఇటూ జరిపి బొమ్మ తలకిందులు కావడం చూపించి ఉంటే, మూడు భాషల్లోనూ ఆ మాట జన్మలో మరిచిపోయేవాణ్ని కాదు.

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. తెలుగులో కిరణజన్య సంయోగక్రియ, కన్నడంలో ద్యుతిసంశ్లేషణె. తెలుగులో నిరోధం, కన్నడంలో రోధ. జీవశాస్త్రంలో మనం కణం అనేదాన్ని వాళ్లు జీవకోశ అంటారు. కన్నడంలో కణ అంటే రేణువు. మనకు రెండూ కణాలే. మాట ఒకటే, అర్థం వేరు. అర్థం ఒకటే, మాట వేరు. ఈ గందరగోళంలో సైన్సు కష్టమని పిల్లలు తేల్చేసుకుంటారు. నిజానికి కష్టపెట్టింది సైన్సు కాదు, మాట.

తెరమీద కదిలే ప్రయోగం ఇక్కడే అక్కరకొస్తుంది. బల్బు వెలగడానికి భాష లేదు. పలక మీద మబ్బు కమ్మడానికి భాష లేదు. పిల్ల ముందు జరిగేదాన్ని చూస్తుంది. తర్వాత తన తెలుగులో చెబుతుంది. ఆపైన మేష్ట్రు దానికి కన్నడం మాట తగిలిస్తాడు, చివర్లో ఇంగ్లీషు మాట. అర్థం ముందు, మాట వెనక. ఇప్పుడు బళ్లలో జరుగుతున్నది దీనికి తలకిందులు.

ఇది కన్నడం మీద తగవు కాదు. కన్నడం మనకు చదువిచ్చిన భాష, ఉద్యోగమిచ్చే భాష. అమ్మ భాషను మెట్టుగా చేసుకుని బడి భాషలోకి ఎక్కాలన్నదే మన మాట. ఫెట్ ప్రయోగాల్లో కొన్ని కన్నడంలోకి, తెలుగులోకి ఇప్పటికే వచ్చాయి. అన్నీ రాలేదు. మిగిలినవాటిని అనువదించే వీలును ఆ వెబ్‌సైటు వాళ్లే ఇచ్చారు. ముందు తమకు రాసి అనుమతి తీసుకుంటే ఎవరైనా తమ భాషలో మాటలు నింపొచ్చు. ఒక్కో ప్రయోగానికి ఉండేది కొన్ని పదుల మాటలే. రెండు భాషలూ నీళ్లలా వచ్చిన మేష్ట్రులు, మేడమ్‌లు పావగడలో ఉన్నంతమంది బెంగళూరులో దొరుకుతారా? హైదరాబాదులో దొరుకుతారా? సరిహద్దోళ్లం రెంటికీ చెడ్డ రేవడిమని మనల్ని మనమే తిట్టుకుంటుంటాం. ఈ పనిలో రెండు భాషలు రావడమే మన బలం.

తెలుగులో ఇట్లాంటి పని పెద్దఎత్తున జరిగిన దాఖలా కూడా ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్ట్స్ కలిసి 2015లో మొదలుపెట్టిన ‘క్లిక్స్’ పథకం తెలంగాణ సర్కారు హైస్కూళ్లలో నడిచింది. సైన్సు, లెక్కలు, ఇంగ్లీషు పాఠాలను పిల్లలు కంప్యూటర్ల మీద జట్లుగా కూర్చుని చేసేలా తీర్చిదిద్దారు. తెలుగులోనూ ఇచ్చారు. నెట్ రాని బళ్లలో కూడా నడిచేలా పాఠాలను బడిలోని కంప్యూటర్లలోనే పెట్టారు. ఆ పథకానికి యునెస్కో 2017 పురస్కారం దక్కింది. తెలంగాణ పల్లెల్లో అయింది పావగడ పల్లెల్లో కాదా?

నెట్ లేదన్నది సాకు

వెబ్‌సైట్ల మాట ఎత్తగానే వచ్చే జవాబు ఒకటే.. మా బడికి నెట్ లేదు, ఉన్నా రాదు. కష్టం నిజమే. దీనికి విరుగుడు కూడా ఉంది. ఫెట్‌లోని ఒక్కో ప్రయోగాన్ని ఒక్క ఫైలుగా దించుకోవచ్చు. పెన్‌డ్రైవులో వేసుకుని తెచ్చి పెడితే నెట్ లేకుండానే నడుస్తుంది. తాలూకా కేంద్రంలో ఒక సాయంత్రం కూర్చుంటే ఏడాది పాఠాలకు సరిపడా ప్రయోగాలు జేబులో వస్తాయి. నలభై మంది పిల్లలకు నలభై కంప్యూటర్లు కూడా అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టరు లేదా టీవీ చాలు. 

ఇంకో మాట కూడా వినపడుతుంది. “ఎప్పుడో ట్రై చేసినాం సార్, తెరుచుకోలేదు” అని. అదీ నిజమే. పాత వెబ్‌సైట్లలో చాలావరకు ‘ఫ్లాష్’ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ దానికి మంగళం పాడింది. దాంతో ఎన్నో సైన్సు బొమ్మలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఫెట్ వాళ్లు తమవాటిని చాలావరకు కొత్త పద్ధతిలో తిరిగి రాశారు. అవి ఇప్పుడు మామూలు ఫోనులో కూడా తెరుచుకుంటాయి. ఒకసారి విఫలమైందని వదిలేసినవాళ్లు మళ్లీ ఒకసారి చూడాలి.

2020లో కరోనా వచ్చి బళ్లు మూతపడినప్పుడు కర్ణాటకలో ‘విద్యాగమ’ పేరుతో మేష్ట్రులే ఊళ్లలోకి వెళ్లి గుడి అరుగుల మీద, చెట్ల కింద పాఠాలు చెప్పారు. కేసులు పెరిగి అక్టోబరులో దాన్ని నిలిపేశారు. ఫోనులున్న పిల్లలకు పాఠం అందింది, లేని పిల్లలకు అందలేదు. ఆ రోజుల గుణపాఠం మరవకూడదు. ఇంటింటికీ ఫోను ఉందనుకుని “ఇంట్లో చూసుకోండి” అని చెబితే కూలోళ్ల పిల్లలు మళ్లీ వెనకబడతారు. తెర బడిలో ఉండాలి. అందరి ముందూ ఉండాలి.

పెట్టెలు పంచితే చదువు రాదు

సరిహద్దుకు అవతల ఆంధ్రలో జరిగింది కూడా చూద్దాం. 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. అందులో బైజూస్ పాఠాలు వేసిచ్చారు. 2024 జూలైలో ఆ సంస్థ మీదే దివాలా విచారణ మొదలైంది. పిల్లల చదువును ఒక వ్యాపార సంస్థ కొమ్మకు కట్టేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఎవరైనా దించుకుని దాచుకోగల ఉచిత పాఠాలకు ఆ బెంగ లేదు. తయారుచేసినవాళ్లు రేపు దుకాణం మూసినా మన పెన్‌డ్రైవులోది మనకుంటుంది.

దేశం బయటా ఇదే పాఠం. పెరూ దేశం పల్లె పిల్లలకు లక్షల ల్యాప్‌టాపులు పంచింది. 2012లో వచ్చిన పరిశీలన చూస్తే లెక్కల్లో, భాషలో పిల్లల మార్కులు పెరగలేదు. యంత్రం ఇచ్చారు, దాంతో ఏం చేయాలో మేష్ట్రుకు నేర్పలేదు. చేతికి నాగలిచ్చి సేద్యం నేర్పకపోతే పంట వస్తుందా?

కాబట్టి తెర పెట్టగానే సైన్సు వచ్చేస్తుందని ఎవరూ అనుకోకూడదు. తెరను సినిమాలా చూపిస్తే పిల్లలు సినిమా చూసినట్టే చూస్తారు. వాడే తీరులోనే అంతా ఉంది. మీట జరపకముందే మేష్ట్రు ఆగి అడగాలి.. మబ్బు కమ్మితే బల్బు ఏమవుతుంది? ప్రతి పిల్లా తన జవాబును పలక మీదో నోటుబుక్కులోనో రాయాలి. అప్పుడు జరపాలి. తన అంచనా తప్పయిన పిల్ల ముందుకొంగి చూస్తుంది. ఆ కుతూహలమే సైన్సు.

తెర తర్వాత చేతులు కూడా కదలాలి. బొమ్మ సూర్యుడితో సరిపెట్టుకోవడానికి మనకేం ఖర్మ? అసలు సూర్యుడు బడి బయటే ఉన్నాడు. చిన్న సోలార్ పలక, ఒక మల్టీమీటరు కొన్ని వందల రూపాయల్లో వస్తాయి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పిల్లలే వోల్టులు కొలవాలి. పలకను వాల్చి, నిలబెట్టి, నీడలో పెట్టి చూడాలి. పలక బాగా వేడెక్కినప్పుడు చల్లటి నీళ్లు చల్లి మళ్లీ కొలవాలి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనుకుంటాం. కానీ సిలికాన్ పలక 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ డిగ్రీకి ఇంచుమించు 0.4 శాతం చొప్పున దాని శక్తి తగ్గుతుంది. వెలుతురు కావాలి, వేడి వద్దు. తెరమీది ప్రయోగంలో కనపడని ఈ రహస్యం మన ఎండలో కనపడుతుంది. ఆంధ్ర కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ ఏళ్లుగా చేస్తున్నది ఈ చేతిపనే. దాని సంచార ప్రయోగశాలలు పల్లె బళ్లకు వెళుతుంటాయి. తెర, చెయ్యి రెండూ కలిస్తేనే చదువు.

లెక్కల పాఠానికీ పార్కు పనికొస్తుంది. ఒక ఫ్యాను 75 వాట్లు తింటుందనుకుంటే, నిండు సామర్థ్యంతో 2050 మెగావాట్లు పుట్టినప్పుడు ఎన్ని ఫ్యాన్లు తిరుగుతాయి? సుమారు 2 కోట్ల 73 లక్షలు. తమ ఊళ్లో పుట్టే కరెంటు ఎంతో ఆ పిల్లలకు అప్పుడు ఒళ్లు జలదరించేలా తెలుస్తుంది.

పలకలు తుడిచేది ఎవరు? నడిపేది ఎవరు?

ఈ మాటలన్నీ ఎందుకంటే, పణంగా ఉన్నది పిల్లల బతుకు. పార్కుకు రైతులు భూములు అమ్మలేదు, కౌలుకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి రెండేళ్లకోసారి 5 శాతం పెంచేలా ఒప్పందం. భూమి ఉన్నోళ్లకు కౌలు వస్తోంది. భూమి లేని కూలోళ్లకు ఉన్న పనీ తగ్గింది. పార్కులో ఊరోళ్లకు దొరికిన పనులు ఎక్కువగా కాపలా, పలకలు కడగడం, గడ్డి కోయడం. ఇన్వర్టర్ల దగ్గర, సబ్‌స్టేషన్లో, కంట్రోల్ రూములో కూర్చునే పనులకు ఐటీఐ, డిప్లొమా, ఇంజినీరింగ్ చదువు కావాలి. ఆ చదువుకు పునాది 8, 9, 10 తరగతుల సైన్సు. అక్కడ జారిన పిల్లవాడు తన తాత పొలంలోనే కాపలాదారుగా నిలబడతాడు. కాపలా పని చిన్నదని కాదు. ఇంకో దారి లేక ఆ పని చేయాల్సి రావడమే అన్యాయం.

కౌలు డబ్బుకు గడువుంది. పలకలకూ గడువుంది. పిల్లకు వచ్చిన చదువుకు గడువు లేదు.

ఏం చేయాలి?

మధుగిరి విద్యా జిల్లా డీడీపీఐ, పావగడ బీఈవో తలుచుకుంటే వచ్చే సెలవుల్లోపే మొదలుపెట్టొచ్చు. తాలూకాలోని సైన్సు మేష్ట్రులకు రెండ్రోజుల శిక్షణ పెట్టి, ఏ పాఠానికి ఏ ప్రయోగమో ఒక పట్టిక తయారు చేయించి, పెన్‌డ్రైవులో వేసివ్వాలి. పట్టికలో ఒక గడి కన్నడం, ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు పదాలకు ఉండాలి. ఒక్క కాగితం మీద మూడు భాషల సైన్సు మాటలు అచ్చేసి గోడకు అంటిస్తే అదే పెద్ద నిఘంటువు.

సోలార్ కంపెనీలకూ బాధ్యత ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. రంగులేసిన గేటు, పేరు రాసిన బెంచీ కాకుండా ఈ అయిదు ఊళ్ల బళ్లకు ఒక్కో ప్రొజెక్టరు, ఒక్కో ల్యాప్‌టాప్, ఒక్కో చిన్న పలకల పెట్టె ఇవ్వొచ్చు. నెలకోసారి ఒక ఇంజినీరు బడికి వచ్చి గంటసేపు పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పినా అది కోటి రూపాయల సాయంతో సమానం. గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను ప్రభుత్వం ‘అరివు కేంద్ర’లుగా మారుస్తోంది. వాటిలోని కంప్యూటర్ల మీద సాయంత్రం పూట ఈ ప్రయోగాలు తెరిచి ఉంచాలి.

ఎస్‌డీఎంసీలో కూర్చున్న తల్లిదండ్రులు కూడా గుడి పండుగకు చందా ఎంతని అడిగినట్టే, “మా పిల్లోళ్లకు ఈ నెల ఏ ప్రయోగం చూపించినారు సార్?” అని అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదు.

మేష్ట్రులకు, మేడమ్‌లకు ఒక విన్నపం. అన్నీ ఒకేసారి అక్కర్లేదు. ఏటా ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం అని ముగ్గులేసి ఫొటోలు దిగుతాం. 1928లో అదే రోజు రామన్ తన పరిశోధన ఫలితాన్ని ప్రకటించారు. సముద్రం నీలంగా ఎందుకుంది అన్న మామూలు ప్రశ్నతో బయల్దేరిన మనిషి ఆయన. ఈసారి ఆ రోజు ముగ్గుతోపాటు ఒక్క ప్రయోగం పెట్టండి. తెరమీద సూర్యుడు, పక్కన నిజం పలక, ముందు మన పిల్లలు. పలక ఎట్లా పనిచేస్తుందో వాళ్ల అమ్మానాన్నలకు వాళ్లే తెలుగులో చెప్పాలి, పై అధికారులకు వాళ్లే కన్నడంలో చెప్పాలి.

క్యాతగానచెర్లు ఎండ రోజూ వందల మైళ్ల అవతలి ఇళ్లను వెలిగిస్తోంది. అందులో ఒక్క కిరణం మన బడి గదిలోకి మళ్లించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెన్‌డ్రైవు ఒకటి, పట్టుదల ఉన్న మేష్ట్రు ఒకరు ఉంటే చాలు. ఎవరు మొదలుపెడతారు?